వెలి మీద వెలి: కోఠి దారుల్లో ఇల్లు వెతుక్కునే కవిత

చిక్కడపల్లిలో ఒక మేడ మీది గది. ఆదివారం సాయంత్రం. పదిహేను మందిమి ఉంటాం. అందులో సగం మంది అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లు. ఎవరి కవిత వాళ్లు చదువుతున్నారు. ఒక ట్రాన్స్ యువతి వంతు వచ్చింది. ఫోన్‌లో చూసి చదివింది. నల్లగొండ వైపు పల్లె ఆమెది, మాదిగవాడ. కవిత నిండా డప్పే. నాన్న గడ్డి మంట మీద డప్పు కాస్తుంటే లేచే వాసన. ఆ వాసన తగిలితే చాలు ఆగని తన కాళ్లు. ఏడేళ్లప్పుడు ఆ ఆట చూసి వాడంతా మురిసిపోయింది. పదిహేనేళ్లప్పుడు అదే ఆట చూసి అన్న బెల్టు తీశాడు. కవిత మాత్రం బెల్టు దగ్గర ఆగలేదు. మళ్లీ వెనక్కి, ఆ గడ్డి మంట దగ్గరికే వెళ్లి కూర్చుంది.

"కవిత మంచిగుంది తమ్మీ" అన్నాడు మాలో ఒక పెద్దాయన. నలభై ఏళ్లుగా ఉద్యమంలో ఉన్న మనిషి. "గానీ ఇల్లు అంత మంచిదైతే ఎందుకు ఇడిచిపెట్టి వచ్చినవ్?"

ఆమె ఏమీ అనలేదు. ఎవరో చాయ్ తెచ్చారు. మాట మారిపోయింది, మేమూ మారనిచ్చాం. నిజానికి ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆమె కాదు, మేము. 'తమ్మీ' అన్న పిలుపును సరిదిద్దాల్సింది కూడా మేమే. రెండూ చెయ్యలేదు. ఆలస్యంగా ఇక్కడ చేస్తున్నాం.

ముందు ఈ దారి గురించి. కోఠి అనే మాటకు ఈ నగరంలో రెండు అర్థాలున్నాయి. ఒకటి అందరికీ తెలుసు: పెద్ద బంగళా. 1800ల మొదట్లో కంపెనీ రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ భవనం వల్లే ఆ పేటకు ఆ పేరు. రెండో అర్థం బస్టాప్‌లో నిలబడ్డ జనంలో కొందరికే తెలుసు. మగబిడ్డలుగా పుట్టి ఆడతనంతో నడిచే మనుషులు తమలో తాము పిలుచుకునే పేరు కూడా, పలుకులో కాస్త తేడాతో, అదే. ఒకటి రాతి కట్టడం, ఇంకొకటి దాని గేటు ముందు బస్సు కోసం నిలబడే ప్రాణం.

ఆ బంగళాకూ ఒక వెలి కథ ఉంది. కిర్క్‌పాట్రిక్‌ను పెళ్లాడిన ఖైరున్నిసా ఇద్దరు పిల్లల్ని 1805లో ఇంగ్లండ్ ఓడ ఎక్కించారు. ఆమె మళ్లీ వాళ్ల మొహం చూడలేదు. భర్త పోయాక ఆమెకు హైదరాబాద్‌లో చోటు లేకుండా పోయి కొన్నేళ్లు మచిలీపట్నంలో బతికింది. ఆ ప్రేమ మీద, ఆ ఎడబాటు మీద లావు పుస్తకాలు వచ్చాయి. భవనం తర్వాత ఆడపిల్లల కాలేజీ అయింది. 2024లో ఆ విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఆ పేరు అక్కడ చూసినప్పుడల్లా మాకు గుండె నిండుతుంది. గేటు ఎదుట నిలబడ్డవాళ్ల ఎడబాటు మీద మాత్రం పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా కనిపించవు.

కోఠి నుంచి నడక మొదలుపెడితే సుల్తాన్ బజార్‌లో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. అక్కణ్నుంచి కాచిగూడ, నారాయణగూడ, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, అశోక్‌నగర్ పక్కన సిటీ సెంట్రల్ లైబ్రరీ. గంట నడక. తెలుగు సాహిత్యం సన్మానాలు చేసుకున్నది, ఆవిష్కరణలు జరుపుకున్నది, పోట్లాడుకున్నది చాలావరకు ఈ గంట నడకలోనే. ఈ వేదికల మీద ఎన్ని దండలు పడ్డాయో లెక్క లేదు. దళిత కవులు ఈ దారిలో కుర్చీ సంపాదించుకోవడానికే 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ కుర్చీ వెనక ఇంకొకరు నిలబడి ఉన్నారు. పెద్దాయన ప్రశ్న వాళ్లకు వేసిందే.

ఇల్లు పోగొట్టుకోవడానికి తెలుగులో మాటలు తక్కువేం లేవు. వనవాసం, అజ్ఞాతవాసం, ప్రవాసం, వెలి. ఈ నాలుగూ ఒకటి కావు. వనవాసం రాజులది. దానికి గడువు ఉంటుంది, చివర్లో పట్టాభిషేకం ఉంటుంది. ప్రవాసం మాట ఇవాళ వీసా ఉన్నవాళ్లది. ప్రవాసాంధ్రులు డల్లాస్‌లో సంక్రాంతి ముగ్గులేసుకుంటారు, ఊరు మీద బెంగతో కవితలు రాస్తారు. ఆ బెంగను మేము తక్కువ చెయ్యం. కానీ అది టికెట్ కొనుక్కుంటే తీరే బెంగ. వెలి అలాంటిది కాదు. వెలి పడ్డవాడు ఎక్కడికీ పోనక్కర్లేదు. ఊరికి నూరు గజాల దూరంలో, ఊరి గాలి తగిలేచోటే ఉండొచ్చు. ఊరిని రోజూ చూస్తూ, ఊరి పని చేస్తూ, ఊళ్లో లేకుండా ఉండటం. ఇంగ్లీషులో ఎగ్జైల్ అనే మాటకు మేధావులు ఎన్ని వ్యాఖ్యానాలు రాసినా ఈ అర్థం అందులో ఇమడదు.

ఈ తేడా పట్టుకోకుండా క్వీర్ కవిత్వాన్ని చదవడం వల్లే మనం తప్పుడు ప్రశ్నలు వేస్తున్నాం. "ఎందుకు వచ్చినవ్" అనే ప్రశ్న ప్రవాసిని అడగొచ్చు. వెలివేయబడ్డవాళ్లను అడగడానికి వీల్లేదు.

ఈ నగరంలో ఎగ్జైల్ కవిత్వానికి, క్వీర్ కవిత్వానికి కలిపి ఒక పెద్ద పేరుంది: హోషంగ్ మర్చంట్. ముంబైలో పార్సీ ఇంట పుట్టారు. అమెరికాలో చదివారు. ఇరాన్‌లో, పాలస్తీనాలో ఉన్నారు. తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి ఇంగ్లీషు పాఠం చెప్పారు. తాను గే అని దాచుకోకుండా రాశారు. 1999లో ఆయన కూర్చిన 'యారానా' ఇండియాలో గే రచనలకు తొలి సంకలనాల్లో ఒకటి. ఆయన ధైర్యానికి మేము తల వంచుతాం. కానీ ఆ కవిత్వంలో దేశాలు మారుతుంటాయి, భాష ఇంగ్లీషు, తోడు పుస్తకాల గది. పోగొట్టుకున్న ఇంటిని తలుచుకోవడానికి కాసేపు కూర్చునే చోటు కావాలి కదా. అది ఆయనకు దొరికింది.

అదే యూనివర్సిటీలో 2016 జనవరిలో ఏం జరిగిందో ఈ పేజీ చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. హాస్టల్ నుంచి గెంటేసిన ఐదుగురు దళిత విద్యార్థులు క్యాంపస్ దుకాణాల దగ్గర ఆరుబయట చోటు చేసుకున్నారు. దానికి వాళ్లు పెట్టిన పేరు వెలివాడ. ఆ మాటను 1990ల్లోనే మద్దూరి నగేష్‌బాబు తన కవితా సంపుటి పేరుగా నిలబెట్టాడు. రోహిత్ వేముల, మిగతా నలుగురు ఆ మాటను కాగితం మీంచి తీసి నేల మీద కట్టారు. ఒకే క్యాంపస్, రెండు రకాల ఇల్లులేనితనాలు. ఈ రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. పలకరించుకుని ఉంటే ఇవాళ చిక్కడపల్లి మేడ మీద ఆ అమ్మాయికి కవిత చదవడం ఇంకొంచెం సులువయ్యేది.

కొంచెం వెనక్కి వెళ్దాం. తెలుగువాళ్లు తరతరాలుగా ఇష్టంగా విన్న అజ్ఞాతవాసపు కథ విరాటపర్వం. వానలు పడకపోతే ఊళ్లలో దాన్ని చదివిస్తారు. తిక్కన భారతం అనువాదం మొదలుపెట్టింది కూడా దానితోనే. అందులో అర్జునుడు బృహన్నలగా ఏడాది గడుపుతాడు. ఉత్తరకు ఆట నేర్పుతాడు. పేడి రూపం అక్కడ ఒక ముసుగు. ఏడాది నిండగానే జమ్మిచెట్టు మీది ఆయుధాలు దిగుతాయి, ముసుగు తీస్తారు, రాజ్యం కోసం యుద్ధం మొదలవుతుంది. విన్నవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. మన సినిమాల్లో హీరో చీర కట్టినప్పుడు కూడా జరిగేది ఇదే: కాసేపు నవ్వు, తర్వాత మీసం తిరిగి వస్తుంది. ముసుగు తీసే రోజు లేనివాళ్లు, ఆ రూపమే తమ అసలు రూపమైనవాళ్లు ఈ కథలో ఎక్కడా లేరు. వాళ్లకు జమ్మిచెట్టు మీద ఏమీ దాచి లేదు.

మరి మనకు సొంతమైన వెలి కావ్యం? 1941లో జాషువా రాసిన 'గబ్బిలం'. కాళిదాసు యక్షుడు రాజు శాపం వల్ల ఏడాది పాటు భార్యకు దూరమై మేఘంతో కబురు పంపాడు. జాషువా కథానాయకుడికి శాపం పుట్టుకతోనే ఉంది, గడువు లేదు. గుడిలోకి పోనివ్వరు కాబట్టి తన మొర శివుడికి చేర్చమని గబ్బిలాన్ని అడుగుతాడు. గుడి చూరుకు వేలాడే గబ్బిలానికి ఉన్న ప్రవేశం మనిషికి లేదు. ఈ వ్యంగ్యాన్ని మనం ఎనభై ఏళ్లుగా పాఠాల్లో, సభల్లో చెప్పుకుంటున్నాం. చెప్పుకోనిది ఒకటి ఉంది. గబ్బిలం ఎలాంటి ప్రాణి? ఎగురుతుంది గానీ పక్షి కాదు. పిల్లకు పాలిస్తుంది గానీ నేల మీద నడవదు. రాత్రి తిరుగుతుంది. ఇంట్లోకి వస్తే అశుభమంటారు. పక్షుల్లో పక్షి కాదు, జంతువుల్లో జంతువు కాదు. మేఘం, హంస, చిలుక అన్నీ ఉండగా, వెలివేయబడ్డ మనిషి తన మాట మోయడానికి ఈ రెండింటి మధ్యదాన్ని ఎంచుకున్నాడు.

జాషువా ఇలా ఉద్దేశించి రాశాడని మేము అనడం లేదు. యాదవ తండ్రికి, మాదిగ తల్లికి పుట్టి, రెండు వైపులా పూర్తిగా చెందనివ్వని బతుకు బతికిన కవికి మధ్యన ఉండటమంటే ఏమిటో తెలుసు అని మాత్రం అంటాం. మా ట్రాన్స్ మిత్రులు ఆ కావ్యంలో తమను తాము చూసుకున్నది కథానాయకుడిలో కాదు, గబ్బిలంలో. "మేము ఇన్నాళ్లూ మీ కబుర్లు మోసినం అన్నా, మా కబురు ఎవరు మోస్తరు?" అని ఒకరు అడిగారు. బోనాల్లో, జాతరల్లో, ఊరేగింపుల్లో ముందు ఆడే శివసత్తులను, జోగులను తలుచుకుంటే ఆ మాట బరువు తెలుస్తుంది. ఆ ఒక్కరోజు వాళ్ల కాళ్ల మీద నీళ్లు పోస్తాం. మర్నాడు కిరాయికి గది ఇవ్వం.

కవిత్వం గురించి మొదలుపెట్టి చట్టంలోకి వెళ్తున్నామని విసుక్కోవద్దు. ఈ నగరంలో పాటే ఒక నేరంగా ఉండేది. 1329 ఫసలీ, అంటే 1919లో నిజాం రాజ్యంలో ఒక చట్టం వచ్చింది. తెలంగాణ ప్రాంత నపుంసకుల చట్టంగా అది రాష్ట్రాలు మారినా కాగితాల మీద బతికే ఉంది. హైదరాబాద్‌లోని హిజ్రాల పేర్లతో ఒక రిజిస్టర్ పెట్టాలన్నది. ఆ రిజిస్టర్‌లో ఉన్నవాళ్లు ఆడబట్టల్లో, నగలతో వీధిలో కనబడినా, వీధిలో ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చన్నది. శిక్ష రెండేళ్ల జైలు దాకా. దీని వెనక 1871 నాటి నేరస్థ తెగల చట్టం ఉంది. అందులో ఒక భాగం పుట్టుకతో దొంగలని ముద్ర వేసిన తెగలది, రెండో భాగం హిజ్రాలది. మొదటి భాగం 1911 తర్వాత మద్రాసు రాజధానికి పాకి ఎరుకలవాళ్లను స్టువర్టుపురం సెటిల్‌మెంట్‌లో పెట్టింది. రెండో భాగానికి హైదరాబాద్‌లో ఒక బిడ్డ పుట్టింది. కులానికీ లింగానికీ ఏం సంబంధం అని మన సభల్లో అడిగేవాళ్లకు తెల్లదొర ఎప్పుడో జవాబు చెప్పాడు: ఇద్దరికీ ఒకే రిజిస్టర్.

సరిగ్గా ఆ రోజుల్లోనే, కోఠి పక్కన ఈసామియా బజార్‌లో భాగ్యరెడ్డి వర్మ మన పిల్లలకు బడి నడుపుతున్నాడు. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభకు ఆయనే అధ్యక్షుడు. మేము పంచములం కాదు, ఈ నేలకు ఆదివాసులం, ఆది ఆంధ్రులం అని తేల్చింది ఆ సభే. వెలికి అంతకన్నా పెద్ద జవాబు అప్పటికి ఎవరూ ఇవ్వలేదు. మీరు మమ్మల్ని బయట పెట్టలేదు, మా ఇంట్లోకి మీరు వచ్చారు అన్నారు. రెండేళ్లకు అదే నగరంలో ఇంకొందరి మీద వీధిలో కనబడటమే నేరమన్న చట్టం పడింది. ఆ మనుషుల్లో మన వాడల పిల్లలు లేకుండా ఎలా ఉంటారు?

ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టేసింది. వైజయంతి వసంత మొగ్లి, ఆమె తోటివాళ్లు 2018లో వేసిన వ్యాజ్యం ఫలితం అది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆసరా పింఛను ఇవ్వాలని కూడా ఆ తీర్పు చెప్పింది. 2024 డిసెంబరులో ఇదే నగరంలో 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా చౌరస్తాల్లో నిలబడ్డారు. వీధిలో కనబడితే పట్టుకోమన్న నగరం వీధిలోనే నిలబడమని యూనిఫాం ఇచ్చింది. సంతోషమే. కానీ డ్యూటీ దిగాక వాళ్లు ఏ ఇంటికి వెళ్తారు?

ఇక్కడే ఇప్పటి చట్టం కథ మొదలవుతుంది. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 18 ఒక పనిని నేరమంటుంది: ఇంటి నుంచి, ఊరి నుంచి, ఉంటున్న చోటు నుంచి వెళ్లగొట్టడం. ఈ మాటలు ఎక్కడో విన్నట్టున్నాయి కదా. 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)లో ఉన్నవి దాదాపు ఇవే మాటలు. కారంచేడు, చుండూరు చూసిన మనకు ఆ మాటల విలువ తెలుసు. కానీ శిక్ష చూడండి. అట్రాసిటీ చట్టంలో వెలికి ఆరు నెలల నుంచి ఐదేళ్లు. ట్రాన్స్‌జెండర్ చట్టంలో అదే వెలికి ఆరు నెలల నుంచి రెండేళ్లు. ఒకే పని, రెండు ధరలు.

అంతకన్నా ఇబ్బందిపెట్టే విషయం ఇంకోటి ఉంది. అట్రాసిటీ చట్టం బయటి కులంవాడు చేస్తేనే వర్తిస్తుంది. ఒక దళిత ట్రాన్స్ బిడ్డను గెంటేసింది సొంత ఇల్లు, సొంత వాడ అయితే? అప్పుడు ఆమె చేతిలో మిగిలేది రెండేళ్ల చట్టం ఒక్కటే. అది వాడాలంటే కన్నవాళ్ల మీద కేసు పెట్టాలి. పొద్దున లేస్తే దొర పొలంలో కూలికి పోయే తండ్రి మీద, గల్ఫ్ అప్పు తీర్చలేక తిరిగొచ్చిన అన్న మీద. ఎవరు పెడతారు? ఆమె కేసు పెట్టలేదు. కవిత రాసింది.

అదే చట్టం సెక్షన్ 12 ఇంకోమాట చెప్తుంది. పుట్టిన కుటుంబంతో కలిసి ఉండే హక్కు ఉంటుంది. ఆ కుటుంబం చూసుకోలేకపోతే కోర్టు పునరావాస కేంద్రానికి పంపుతుంది. అంటే చట్టానికి రెండే ఇళ్లు తెలుసు: గెంటేసిన ఇల్లు, ప్రభుత్వ కేంద్రం. మధ్యలో గురువు ఇల్లు, నలుగురు స్నేహితులు కిరాయి పంచుకునే గది, రాత్రి పన్నెండింటికి తలుపు తీసే అక్క, ఇవేవీ దాని లెక్కలో లేవు. 2025 మే నెలలో మద్రాసు హైకోర్టు ఒక కేసులో, కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే దారి కాదని, ఎంచుకున్న కుటుంబం కూడా కుటుంబమేనని చెప్పింది. కేసు ఇద్దరు యువతులది. ఒకరిని పుట్టింటివాళ్లు బంధించారు. ఆ మాట ఇంకా తెలుగు రాష్ట్రాల అధికారుల బల్లల మీదికి చేరాల్సి ఉంది.

గురువు ఇంటిని పొగడటానికి మేము ఇది రాయడం లేదు. అక్కడా అప్పుంటుంది, తప్పు చేస్తే జరిమానా ఉంటుంది, పెద్దరికం ఉంటుంది. కులం కూడా గుమ్మం బయట చెప్పులతో పాటు ఆగదు. అయినా ఆకలేసిన రాత్రి తలుపు తీసింది ఆ ఇల్లే. మన సంఘాల ఆఫీసులు తియ్యలేదు.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వద్దాం. ఇల్లు అంత మంచిదైతే ఎందుకొచ్చినట్టు? ఇల్లు మంచిదని ఆమె ఎక్కడా అనలేదు. డప్పు వాసన మంచిదని అంది. రెండూ ఒకటి కాదు. అగ్రకులపు క్వీర్ కవిత తన ఇంటి మీద కోపాన్ని నేరుగా రాయగలదు. ఆ ఇల్లు అధికారంలో ఉన్న ఇల్లు, దాన్ని తిడితే లోకం మెచ్చుకుంటుంది. మన పిల్ల తన ఇంటిని తిడితే ఏమవుతుంది? "చూశారా, వాళ్ల వాడలు అంతే మోటు" అనడానికి ఊరు కాచుక్కూర్చుంది. అందుకే ఆమె బెల్టు గురించి ఒక్క పంక్తి రాసి ఆగింది. ఊరు ముందు వాడ పరువు కాపాడుతూ, వాడ ముందు తన ప్రాణం కాపాడుకుంటూ రాసే కవిత అది. అందులో మౌనం ఎక్కడెక్కడ ఉందో చూడకుండా బెంగ మాత్రమే చూస్తే మనం చదవనట్టే.

ఇంకో కారణం కూడా ఉంది. డప్పు మనకు అవమానపు గుర్తు నుంచి ఆత్మగౌరవపు గుర్తుగా మారింది మన ఉద్యమం వల్లే. దండోరా రోజుల్లో దాన్ని భుజానికెత్తుకున్నాం. ఆ గౌరవంలో ఆమెకూ వాటా ఉంది. వెలివేసినా ఆ వాటా వదులుకోనంటోంది. ఆస్తి పంచకపోయినా డప్పు వాసన పంచుకోకుండా ఎవరు ఆపుతారు?

2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాకుండా 'ఇతరులు' గడిలో చేరినవాళ్లు దేశంలో 4,87,803 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. దేశం మొత్తం లెక్కలో షెడ్యూల్డ్ కులాలవాళ్లు 78,811. ఆరుగురిలో ఒకరు మనవాళ్లన్నమాట. లెక్కకు రానివాళ్లు, చెప్పుకోలేనివాళ్లు దీనికి బయట. మన సంఘాల్లో, మన పత్రికల్లో, మన కవిసమ్మేళనాల్లో ఆ ఆరోవంతు ఎక్కడుంది? 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చినప్పుడు తెలుగు కవిత్వం ముఖం మారింది. ఆ సంకలనాన్ని ఇవాళ్టికీ గుండెకు హత్తుకుంటాం. ఆ పాట ఇంకా చిక్కనవ్వాల్సి ఉందని ఒప్పుకోవడానికి ఇబ్బందేమీ లేదు.

తెలుగులో హిజ్రా జీవితం గురించి చేతులు మారిన పుస్తకం ఏదంటే తమిళనాడుకు చెందిన రేవతిది. పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెచ్చారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది, 2019 అనువాద పురస్కారం సాహిత్య అకాడమీ దానికిచ్చింది. అందులో రేవతి ఎన్నిసార్లు ఇల్లు వదిలిందో అన్నిసార్లు తిరిగి వెళ్తుంది. ఆ రాకపోకల్లోనే పుస్తకం ప్రాణం ఉంది. మలయాళంలో విజయరాజమల్లిక కవితా సంపుటి 2018లో వచ్చింది. తమిళంలో కల్కి సుబ్రమణ్యం రాస్తోంది. దళిత ట్రాన్స్ రచయిత్రి లివింగ్ స్మైల్ విద్య తన ఆత్మకథను తమిళంలో రాసి, నాటకాలాడి, చివరికి స్విట్జర్లాండ్‌లో ఆశ్రయం కోరుకుంది. వాడ నుంచి ఊరికి, ఊరి నుంచి నగరానికి, నగరం నుంచి దేశం బయటికి. వెలికి ఎన్ని మెట్లుంటాయో ఆమె బతుకు చెప్తుంది. 2018లో సాహిత్య అకాడమీ కోల్‌కతాలో తొలిసారి ట్రాన్స్‌జెండర్ కవుల సమ్మేళనం పెట్టింది. తెలుగులో మన వంతు మనమే మొదలుపెట్టాలి; అకాడమీ కోసం ఆగితే విరాటపర్వం చదివి వాన కోసం ఆగినట్టే.

కవిత రాయాలంటే గది కావాలి. అశోక్‌నగర్ గల్లీల్లో ఏ గోడ చూసినా రెండే బోర్డులు: బాయ్స్ హాస్టల్, గర్ల్స్ హాస్టల్. ట్రాన్స్ విద్యార్థి మొదటిదాంట్లో ఉంటే రాత్రి నిద్రపోదు, రెండోదాంట్లో చేర్చుకోరు. లైబ్రరీ మెట్లు అందరివీ, అక్కడ చదువుకోవచ్చు. లైబ్రరీ మూసేశాక? 2024 అక్టోబరులో జీవో 29 మీద ఇవే గల్లీల్లో గ్రూప్-1 అభ్యర్థులు లాఠీలకు ఎదురునిలిచారు. రిజర్వేషన్ మీద దెబ్బ పడితే ఎంత మంట పుడుతుందో మనం చూశాం. అదే మంట ఇంకో గడి దగ్గర ఎందుకు పుట్టదు? 2014 నాల్సా తీర్పు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను వెనకబడిన తరగతిగా చూడమంది. అలా నిలువుగా ఒక తరగతిలో వేస్తే దళిత ట్రాన్స్ అభ్యర్థి ఎస్సీనో, ట్రాన్సో తేల్చుకోవాలి. గ్రేస్ బాను వంటి దళిత ట్రాన్స్ నాయకులు ఏళ్లుగా అడుగుతున్నది అడ్డు కోటా: ప్రతి తరగతిలోనూ కొంత శాతం. కర్ణాటక 2021లో ఉద్యోగాల్లో 1 శాతం అలా ఇచ్చింది. తెలంగాణలో మన డిమాండ్ల పత్రంలో ఇది ఎన్నో నంబరులో ఉంది? మేము మా పాత కరపత్రాలు తిరగేశాం. లేదు.

నారాయణగూడ సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాం. 2021లో అక్కడ మిత్ర్ క్లినిక్ తెరిచారు. దేశంలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం వచ్చిన తొలి క్లినిక్ అది. పనిచేసేవాళ్లలో చాలామంది ఆ సమాజం వాళ్లే. మందులకు వచ్చినవాళ్లు వెంటనే వెళ్లకుండా కాసేపు కూర్చునేవాళ్లు. ఎవరూ తేరిపార చూడని కుర్చీ దొరకడం అంత తేలిక కాదు. 2025 జనవరిలో అమెరికా కొత్త అధ్యక్షుడు విదేశీ సాయం ఆపేశాడు, నారాయణగూడలో తలుపు మూతపడింది. కొన్ని నెలలకు టాటా ట్రస్టుల సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరిచారు. వాషింగ్టన్‌లో ఒక సంతకానికి మూతపడి, ముంబైలో ఇంకో సంతకానికి తెరుచుకున్న తలుపు అది. మన చందాతో నిలబడే తలుపు ఇంకా లేదు.

పెద్దాయన ఆ తర్వాతి ఆదివారం కూడా వచ్చాడు. ఆమె పక్కన కూర్చుని, "బిడ్డా, నాయిన డప్పు ఏ తోలుతో చేస్తడు?" అని అడిగాడు. ఇద్దరూ చాలాసేపు మేకతోలు గురించి, చింతగింజల జిగురు గురించి మాట్లాడుకున్నారు. కవిత ఊసు రాలేదు.

ఆమె ఉంటున్న గది యజమాని ఈ నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు. కారణం చెప్పలేదు. పరీక్షకు ఇంకా నాలుగు నెలలుంది. చిక్కడపల్లిలో గానీ, అశోక్‌నగర్‌లో గానీ, నారాయణగూడలో గానీ, ఆధార్ కార్డు చూసి ఒకసారి, మొహం చూసి ఒకసారి తలుపు వెయ్యని గది మీకు తెలిస్తే చెప్పండి. లైబ్రరీకి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే మరీ మంచిది.